ఇమేజింగ్, కార్మిక చట్టం, వైద్య పరిశోధన: మూడింటికీ ఒకే వృత్తి జీవితంలో చోటు ఉంటుందా?

ప్రశ్న అడిగినవారు విజయవాడలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ కేంద్రంలో, సీటీ విభాగంలో రేడియోగ్రాఫర్‌గా పని చేస్తున్నారు. ఇంటర్ తరువాత డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా) చేశారు, ఉద్యోగం చేసుకుంటూనే సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ పూర్తి చేశారు. కాంట్రాక్టును పదకొండు నెలలకొకసారి పొడిగిస్తున్నారనీ, గర్భవతి అయిన సహోద్యోగిని ఒకరిని రేడియేషన్ దగ్గర పెట్టలేమన్న కారణం చెప్పి ఇంటికి పంపించేశారనీ, అది చూసినప్పటి నుంచి న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక బలపడిందనీ, మరోవైపు హైదరాబాదులో క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాల గురించి వింటున్నామనీ రాశారు. ఇన్ని దారులు తొక్కితే చివరికి ఏ రంగమూ తమను తనవారిగా చూడదేమోనన్నది వారి భయం. ముందు ఏది, తరువాత ఏది అన్నది వారి ప్రశ్న.

ఈ మూడు పనులూ వరుసగా చేసినవారిలో నేనొకరిని. ఫిల్మును చీకటి గదిలో డెవలపర్‌లో ముంచి తీసే రోజుల్లో ఎక్స్‌రే విభాగంలో చేరాను. ఉద్యోగుల సంఘం తరఫున లేబర్ ఆఫీసు మెట్లెక్కి, ఆ అనుభవంతోనే ఎల్ఎల్‌బీ చదివి, కొంతకాలం ఆసుపత్రి ఉద్యోగుల కేసులు చూశాను. ఇప్పుడు ఒక వైద్య సంస్థలో పరిశోధనలకు కావలసిన అనుమతులు, ఒప్పందాలు, సమ్మతి పత్రాలు, సమాచార భద్రత చూసే విభాగంలో పని చేస్తున్నాను. నా అనుభవంలో ఈ మూడింటిలోనూ చేసే పని చాలావరకు ఒకటే. ఒక పక్క ఒక మనిషి ఉంటారు, మరో పక్క వారికంటే ఎంతో బలమైన సంస్థ ఉంటుంది, ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో చెప్పే కాగితం ఒకటి ఉంటుంది. ఒంటికి సోకిన కిరణాల మోతాదు నమోదు, నియామక పత్రం, పరిశోధనలో పాల్గొనేవారి సమ్మతి పత్రం ఆ కాగితానికి మూడు రూపాలు. అది నిజాయతీగా రాసి ఉందా, సమయానికి రాసి ఉందా, ఎవరి గురించి రాశారో వారి చేతికి అందిందా అన్నది చూడగలగడమే ఈ మూడు రంగాల్లోనూ పనికొచ్చే నేర్పు. దానిని మీరు ఇప్పుడున్న సీటీ గదిలోనే నేర్చుకోవచ్చు.

ముందుగా మీ ఏప్రాన్ కింద ఉండే, కిరణాల మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ సంగతి చెబుతాను. దానిని చాలామంది తనిఖీ రోజున తగిలించుకునే అలంకారంగా చూస్తారు. వాస్తవానికి రేడియోగ్రాఫర్ జీవితంలో అంతకంటే ముఖ్యమైన పత్రం మరొకటి లేదు. ఛాతీ ఎత్తున, లెడ్ ఏప్రాన్ లోపల ధరించిన ఆ కార్డులోని బిళ్లలు మూడు నెలల పాటు మీ శరీరానికి చేరిన కిరణాల శక్తిని దాచుకుంటాయి. ప్రయోగశాలలో వేడి చేసినప్పుడు ఆ శక్తి వెలుగుగా బయటికి వస్తుంది, ఆ వెలుగును కొలిచి మోతాదు లెక్కగడతారు. బ్యాడ్జీల గుత్తితో పాటు పోలిక కోసం వచ్చే కంట్రోల్ బ్యాడ్జీని కిరణాలు సోకని చోట భద్రపరచాలి. దానిని తెచ్చి యంత్రం పక్కనున్న అరలో పడేస్తే అందరి లెక్కలూ తారుమారవుతాయి. మన దేశంలో రేడియేషన్ పనివారికి అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి వరుస అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (కిరణాల మోతాదుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. సరైన గోడలు, సీసపు తలుపు, కంట్రోల్ గది ఉన్న సీటీ విభాగంలో పని చేసేవారి మోతాదు సాధారణంగా ఈ పరిమితికి చాలా దూరంలోనే ఉంటుంది, కాబట్టి భయపడవలసిన పని లేదు. అయితే ఆ మాట నమ్మకంగా చెప్పడానికి ఆధారం ఆ బ్యాడ్జీ ఒక్కటే. సొరుగులో పడి ఉన్న బ్యాడ్జీ మూడు నెలల తరువాత సున్నా చూపిస్తే అది మీ మోతాదు కాదు, సొరుగు మోతాదు.

2004 నాటి అణుశక్తి వికిరణ రక్షణ నిబంధనలు ఈ మోతాదు నమోదులను భద్రపరిచే బాధ్యతను యజమాని మీద పెట్టాయి. ఉద్యోగి తన వివరాలు చూసుకోవచ్చు, ఉద్యోగం మానేటప్పుడు అడిగి తీసుకోవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే కార్మిక చట్టంలోకి రావాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టానికి మూడో షెడ్యూలు అని ఒక పట్టిక ఉంది. అందులోని 'బి' భాగంలో రేడియోధార్మిక పదార్థాలతో గానీ ఎక్స్‌రేల వంటి అయనీకరణ కిరణాలతో గానీ చేసే పని వల్ల వచ్చే వ్యాధులు ఉన్నాయి. అటువంటి పనిలో ఒకే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలకు తక్కువ కాకుండా పని చేసిన వ్యక్తికి ఆ వ్యాధి వస్తే, అది పని వల్ల కాదని రుజువయ్యే దాకా దానిని పనిలో జరిగిన గాయంగానే పరిగణించాలి. రుజువు భారాన్ని చట్టం యజమాని భుజం మీద పెట్టిందన్నమాట. ఇప్పుడు ఆ చట్టం స్థానంలోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ పట్టిక కొనసాగుతోంది. ఇంత బలమైన రక్షణ కాగితం మీద ఉన్నా, అయిదు చోట్ల ఉద్యోగం మారి ఒక్క చోట నుంచీ మోతాదు వివరాలు తెచ్చుకోని మనిషికి అది అందడం కష్టం. ఆరు నెలలు వరుసగా పని చేశారనడానికి నియామక పత్రం కావాలి, జీతం బ్యాంకులో పడిన ఆధారం కావాలి. నగదు రూపంలో జీతం తీసుకుంటూ, బ్యాడ్జీ మీద వేరొకరి పేరుతో పని చేసిన వారిని నేను చూశాను. అటువంటి వారి తరఫున వాదించవలసి వచ్చినప్పుడు చట్టం ఎంత మంచిదైనా చేతిలో ఏమీ ఉండదు.

కిరణాలతో పని చేసేవారి కష్టం ఈ విద్య పుట్టిన కాలం నుంచీ ఉన్నదే. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేలను కనుగొన్నాడు. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్‌రే గొట్టాలతో పని చేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లు పడి, చివరికి రెండు చేతులూ తొలగించినా ఫలితం లేక 1904లో కన్నుమూశాడు. జర్మనీలోని హాంబర్గ్‌లో 1936లో నెలకొల్పిన స్మారక స్తంభం మీద కిరణాల వల్ల ప్రాణాలు పోయిన వైద్యులు, భౌతిక శాస్త్రజ్ఞులు, సాంకేతిక నిపుణులు, నర్సుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఇప్పుడు మనం నిశ్చింతగా అనుభవిస్తున్న మోతాదు పరిమితుల వెనుక వారి శరీరాలు ఉన్నాయన్న సంగతి ఈ వృత్తిలో ఉన్నవారు మరువరాదని నా అభిప్రాయం.

ఇక మీ సహోద్యోగిని విషయం. రేడియేషన్ దగ్గర పెట్టలేమన్న మాటలో సగం నిజముంది, అందుకే అది వినగానే నమ్మాలనిపిస్తుంది. రేడియేషన్ పని చేసే మహిళ తాను గర్భవతినని యజమానికి తెలియజేసిన తరువాత, మిగిలిన గర్భకాలంలో పిండానికి చేరే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా ఆమె పనిని సర్దుబాటు చేయాలి. ఆ సర్దుబాటు ఎన్నో రకాలుగా సాధ్యం. ఎంఆర్‌ఐలో అయనీకరణ కిరణాలు లేవు. అల్ట్రాసౌండ్ విభాగంలో గర్భిణుల స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నమోదులు చూసే పని ఉంటుంది, ఆ నమోదుల్లో పొరపాటు జరిగితే గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద సంస్థే చిక్కుల్లో పడుతుంది, కాబట్టి అది చిన్న పనేమీ కాదు. నివేదికల విభాగం, చిత్రాల భద్రత, నాణ్యతా పరీక్షల పత్రాలు, ఇలా ఎక్కడైనా ఆమెను ఉంచవచ్చు. నిబంధన కోరేది పని మార్పు మాత్రమే. ఆ పేరుతో ఉద్యోగమే తీసేయడానికి అందులో ఎక్కడా అనుమతి లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రసూతి కారణంగా పనికి రాని కాలంలో తొలగింపును నిషేధించింది. ప్రయోజనాన్ని ఎగ్గొట్టేందుకు గర్భధారణ సమయంలో తొలగించినా ఆ ప్రయోజనం ఆమెకు దక్కాలని చెప్పింది. 2017 సవరణ తరువాత మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ప్రసవానికి ముందరి 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు.

కాంట్రాక్టు మనిషికి ఇవన్నీ ఎక్కడివని మీ యాజమాన్యం అంటుంది. ఈ వాదన నేను విన్నంతగా మరొకటి వినలేదు, దీనికి సుప్రీంకోర్టు రెండుసార్లు స్పష్టంగా సమాధానం చెప్పింది. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ మహిళా కార్మికుల కేసులో 2000 సంవత్సరంలోనే రోజు కూలీ మీద పని చేసే స్త్రీలకూ ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని తీర్పు ఇచ్చింది. 2023 ఆగస్టులో డాక్టర్ కవితా యాదవ్ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఆమె ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద సీనియర్ రెసిడెంట్ వైద్యురాలు. 2017 జూన్ 1 నుంచి సెలవు కోరితే, జూన్ 11తో కాంట్రాక్టు ముగుస్తుంది కనుక ఆ 11 రోజులకు మాత్రమే ప్రయోజనం ఇస్తామన్నారు. అర్హత ఒకసారి ఏర్పడిన తరువాత కాంట్రాక్టు గడువు ముగిసినా పూర్తి ప్రయోజనం ఇవ్వవలసిందేనని న్యాయస్థానం ఆదేశించింది. మీ సహోద్యోగిని సంగతి సరిగ్గా ఇటువంటిదే కావచ్చు. ఆమెను ఇంటికి పంపిన తేదీ, అంతకుముందు హాజరు వివరాలు, గర్భం గురించి తెలియజేసిన తేదీ ఉన్న ఏ చిన్న సందేశమైనా ఉంటే ముందు దాచి పెట్టుకోమనండి. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ అధికారిని కలవమనండి. ఇందుకు మీరు లాయరు అయ్యే దాకా ఆగనక్కర లేదు.

చట్టాల పేర్లు ఇప్పుడు మారుతున్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. ప్రసూతి ప్రయోజనం, గ్రాట్యుటీ, ఈఎస్‌ఐ, భవిష్య నిధి సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరాయి. నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఒక ఏడాది పని చేస్తే గ్రాట్యుటీ లెక్కగట్టే వెసులుబాటు, నియామక పత్రం తప్పనిసరి చేయడం మీ వంటివారికి నేరుగా పనికొచ్చే మార్పులు. ఆసుపత్రి 'పరిశ్రమ' అవుతుందా అన్న పాత వివాదం మాత్రం ఇంకా తెలుసుకోదగ్గదే. 1978లో బెంగళూరు వాటర్ సప్లయ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ప్రధాన తీర్పులో, 'పరిశ్రమ'కు ఇచ్చిన విశాలమైన నిర్వచనంలోకి ఆసుపత్రులు కూడా వచ్చాయి. ఆసుపత్రి ఉద్యోగులు లేబర్ కోర్టు తలుపు తట్టగలిగింది దాని బలంతోనే. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ పూర్తిగా గానీ ప్రధానంగా గానీ దాతృత్వ, సామాజిక సేవ చేసే సంస్థలు నడిపే వాటిని పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించింది. ట్రస్టు పేరుతో నడిచే పెద్ద ఆసుపత్రులు ఎన్నో ఉన్న మన రాష్ట్రాల్లో ఈ ఒక్క మినహాయింపు చుట్టూ రాబోయే ఏళ్లలో చాలా వ్యాజ్యాలు నడుస్తాయని నేను అనుకుంటున్నాను. ఆసుపత్రి లోపలి పని తెలిసిన న్యాయవాది అవసరం అక్కడే ఉంటుంది.

లేబర్ కోర్టులో పని మొదలుపెట్టడానికి న్యాయవాది కావలసిన అవసరం లేదన్నది చాలామందికి తెలియదు. నేను పని చేసిన కాలమంతా అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 36వ సెక్షన్ కింద, కార్మికుని తరఫున సంఘం బాధ్యులు హాజరుకావడానికి వీలు కల్పించింది. న్యాయవాదులు వాదించాలంటే మాత్రం ఎదుటి పక్షం సమ్మతి, న్యాయస్థానం అనుమతి రెండూ కావాలని చెప్పింది. నల్లకోటు వేయకముందే డ్యూటీ రోస్టరు చేతబట్టుకుని, రాత్రి షిఫ్టు ఎవరు చేశారు, ఆ రోజు ఎన్ని స్కాన్లు జరిగాయి అని యంత్రంలోని నమోదుల ఆధారంగా చూపించగలిగే మనిషి మాటకు ఆ గదిలో ఎంత విలువ ఉంటుందో నేను స్వయంగా చూశాను. సీటీ యంత్రం ప్రతి పరీక్షకూ తేదీ, సమయం, చేసినవారి పేరు రాసి పెట్టుకుంటుంది. హాజరు పట్టికలో లేని ఓవర్‌టైమును ఆ నమోదులే బయటపెడతాయి. అవి రోగుల వివరాలున్న నమోదులు కనుక ఫోనులో ఫొటో తీసి తెచ్చుకోకూడదు. న్యాయస్థానం ద్వారా తెప్పించమని కోరాలి, ఆ తేడా తప్పక పాటించండి.

న్యాయ విద్య విషయంలో మీకు స్పష్టంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి డిగ్రీ కావాలి, డీఎంఐటీ డిప్లొమా ఒక్కటే సరిపోదు. ఇంటర్ తరువాత సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేసిన డిగ్రీ కనుక మీకు ఇబ్బంది లేదు. ఇంటర్ లేకుండా నేరుగా చేసిన సార్వత్రిక డిగ్రీకే అభ్యంతరం. న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయడానికి సాధారణ వర్గంవారికి డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి. దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీని బార్ కౌన్సిల్ గుర్తించదు. 2008 నాటి న్యాయ విద్యా నిబంధనల ప్రకారం తరగతులు ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 7 గంటల లోపే జరగాలి, 70 శాతం హాజరు ఉండాలి. తరగతికి రానక్కర లేదు, ఫీజు కడితే చాలని చెప్పే కళాశాలలు మీకు ఎదురవుతాయి. జీవితమంతా కాగితాల నిజాయతీ మీద నిలబడవలసిన వృత్తిలోకి దొంగ హాజరుతో అడుగు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. సీటీ విభాగాల్లో రాత్రి షిఫ్టులు ఉండటం మీకు కలిసివచ్చే విషయం. రాత్రి పని, పగలు చదువు అన్నది కష్టమే, ఆరోగ్యానికి మంచిదీ కాదు, కానీ నిజాయతీగా చేయడానికి వీలున్న దారి అది. పట్టా వచ్చాక అఖిల భారత బార్ పరీక్ష రాయాలి. పూర్తి కాలపు జీతం మీద ఉద్యోగం చేస్తూ న్యాయవాద వృత్తి చేయడానికి బార్ కౌన్సిల్ 49వ నిబంధన ఒప్పుకోదు. అంటే ఒక దశలో జీతం వదులుకుని, జూనియర్‌గా చాలీచాలని రాబడితో కొన్నేళ్లు నెట్టుకు రావలసి ఉంటుంది. ఇంట్లో మరొక ఆదాయం లేకపోతే ఈ దశ గురించి ముందే లెక్క వేసుకోండి. పట్టా తీసుకుని న్యాయవాదిగా నమోదు కాకుండా ఆసుపత్రి మానవ వనరుల విభాగంలోనో, పరిశోధన ఒప్పందాలు చూసే విభాగంలోనో చేరడం కూడా గౌరవమైన మార్గమే.

పరిశోధన రంగంలోకి వస్తే, మీ మూడు నేర్పులూ ఒకే బల్ల మీదికి వచ్చే చోటు, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఈ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య వ్యక్తి, కనీసం ఒక మహిళ తప్పనిసరి. సగం మంది సంస్థకు బయటివారై ఉండాలి, అధ్యక్షులూ బయటివారే కావాలి. న్యాయ నిపుణుడు, సామాన్య వ్యక్తి హాజరుకాని సమావేశానికి కోరం ఉండదు. చట్టం తెలిసి, యంత్రం కూడా తెలిసిన మనిషి అక్కడ ఉంటే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. క్యాన్సర్ మందు ట్రయల్ ప్రతిపాదనలో మామూలు చికిత్సలో తీయని పొట్ట సీటీ స్కాన్లు అదనంగా కోరుతారు. తెలుగు సమ్మతి పత్రంలో 'స్వల్పంగా కిరణాలు సోకవచ్చు' అని ఒక వాక్యం ఉంటుంది. పొట్ట సీటీ ఒక్కటి సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు, ప్రకృతి సహజంగా ప్రపంచ సగటున ఒక మనిషికి ఏడాదికి చేరేది సుమారు 2.4. కాబట్టి 'ఈ పరిశోధన కోసం తీసే ఒక్కొక్క స్కాన్ వల్ల, మామూలుగా మూడు నాలుగేళ్లలో ప్రకృతి నుంచి మన ఒంటికి చేరేటంత రేడియేషన్ అదనంగా చేరుతుంది' అని రాయమని అడగగలిగేది ఆ గది లోపలి సంగతి తెలిసినవారు మాత్రమే. ఆ వాక్యం చదివిన రోగి అయినా సరే అనవచ్చు, వద్దనవచ్చు. నిర్ణయం వారిది కావాలంటే వాక్యం అంత స్పష్టంగా ఉండాలి.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే మన నేల మీద జరిగిన ఖమ్మం జిల్లా ఉదంతం నేను మరిచిపోలేను. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రభుత్వాల సహకారంతో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం చేపట్టింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న వారిలో గిరిజన వసతి గృహాల పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరు బాలికల మరణాలు వెలుగులోకి వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని తేల్చారు. కానీ చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారన్న విషయం బయటపడింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక దానిని తీవ్రంగా తప్పుపట్టింది. హెచ్‌పీవీ టీకా ప్రాణాలు కాపాడే మంచి టీకా. అటువంటి దాని మీద కూడా ఏళ్ల తరబడి అనుమానం నిలిచిపోవడానికి ఆ సంతకాలు కారణమయ్యాయన్నదే నా బాధ. పరిశోధనకు సహాయక సిబ్బందిగా ఉండటమంటే ఫైళ్లు సర్దే గుమాస్తా పని అని ఎవరైనా తేలికగా మాట్లాడితే ఈ ఉదంతం చెప్పండి.

చట్టం చదవకుండా కూడా ఈ రంగంలోకి నేరుగా రావచ్చు, దానికి మీ సీటీ అనుభవమే ప్రవేశ ద్వారం. గడ్డల మీద పని చేసే మందుల ట్రయళ్లలో ఫలితాన్ని ఎక్కువగా స్కాన్ల మీదే కొలుస్తారు. 2009 నుంచి వాడుకలో ఉన్న రెసిస్ట్ 1.1 ప్రమాణం ప్రకారం, 5 మిల్లీమీటర్లకు మించని మందంతో తీసిన సీటీ ముక్కల్లో గడ్డ కనీసం 10 మిల్లీమీటర్లు ఉంటేనే దానిని కొలతకు తీసుకుంటారు. ఎంచుకున్న గడ్డల వ్యాసాల మొత్తం 30 శాతం తగ్గితే మందు కొంత పని చేసినట్టు, అంతకుముందరి కనిష్ఠం మీద 20 శాతం, దానితో పాటు కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాధి ముదిరినట్టు లెక్క. మొదటిసారి పలుచని ముక్కలతో, రెండోసారి మందపు ముక్కలతో స్కాన్ చేసినా, కాంట్రాస్టు (చిత్రం స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) ఎక్కించాక వేర్వేరు సమయాల్లో తీసినా ఆ కొలత చెడిపోతుంది, ఒక రోగికి పనికొచ్చే మందు ఆగిపోవచ్చు. ట్రయల్ ప్రోటోకాల్ అలాగే ఎందుకు ఉందో వివరించి, స్కాన్ గదిలోని సహచరులను ఒప్పించగలిగే కోఆర్డినేటర్లు తక్కువ. చిత్రాలు బయటికి పంపేటప్పుడు రోగి పేరు తొలగించడమూ అటువంటిదే. స్కాన్ చిత్రాలను దాచే డైకామ్ ఫైలు శీర్షికలో పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి సంఖ్య ఉంటాయి. అల్ట్రాసౌండ్ చిత్రాల్లో పేరు బొమ్మలోనే ముద్రపడి ఉంటుంది. తల స్కాన్ల నుంచి ముఖం ఆకారాన్నే తిరిగి నిర్మించవచ్చు. శీర్షికలో పేరు చెరిపేసి పని అయిపోయిందనుకునే పరిశోధకులకు ఈ మిగతా రెండూ చెప్పవలసింది మీ వంటివారే. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చాక సంస్థలు కూడా ఈ మాట శ్రద్ధగా వింటున్నాయి.

ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు నిధులతో ముడిపడి ఉంటాయి, నిధులు ముగిస్తే కాంట్రాక్టూ ముగుస్తుంది. మీరు తప్పించుకోవాలనుకుంటున్న పదకొండు నెలల కాగితం ఇక్కడ మరో రూపంలో ఎదురు కావచ్చు. ఎథిక్స్ కమిటీ సభ్యత్వానికి వచ్చేది సమావేశానికి ఇంత అని ఇచ్చే చిన్న మొత్తం, అది జీవనాధారం కాదు. జీతం వచ్చేది కమిటీ కార్యాలయంలోనో, ట్రయల్ నిర్వహణలోనో, ఒప్పందాల విభాగంలోనో చేసే ఉద్యోగానికి. లక్షల్లో ఫీజు తీసుకుని ఉద్యోగం ఖాయమని ప్రకటించే స్వల్పకాలిక క్లినికల్ రీసెర్చ్ కోర్సుల జోలికి వెళ్లవద్దు. మంచి క్లినికల్ పద్ధతుల (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్) మీద ఉచితంగా దొరికే ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి, భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలను మొదటి నుంచి చివరి దాకా చదివి, మీ ఊరి వైద్య కళాశాలలో ఇమేజింగ్ అవసరమున్న అధ్యయనం ఏదైనా నడుస్తుంటే అందులో సాయం చేస్తానని అడగడం అంతకంటే మేలు.

కాబట్టి వరుస విషయంలో నా సలహా ఇది. ఇప్పటికిప్పుడు ఇమేజింగ్ వదలకండి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం రేడియాలజీ, ఇమేజింగ్ సాంకేతిక నిపుణులను గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. దాని కింద పేరు నమోదు చేయించుకునే అవకాశాన్ని జారవిడువకండి, ఆ తరువాత ఏ రంగంలో ఉన్నా మీ మాటకు ఆ గుర్తింపు బలాన్నిస్తుంది. ఉద్యోగంలో ఉండగానే ఎల్ఎల్‌బీ పూర్తి చేయండి, ఆ మూడేళ్లలోనే పరిశోధన విభాగంతో పరిచయం పెంచుకోండి. పట్టా చేతికి వచ్చాక న్యాయవాదిగా నమోదవుతారా, పరిశోధన సంస్థలో చేరుతారా అన్నది అప్పటి మీ ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోవచ్చు. దరఖాస్తులో ఈ మూడింటినీ మూడు వేర్వేరు జీవితాలుగా రాయకుండా, మీరు ఏ పత్రాలకు బాధ్యత వహించారో, వాటి వల్ల ఎవరికి రక్షణ కలిగిందో పని వారీగా రాయండి. రంగాలు ఎందుకు మారారన్న ప్రశ్నకు అంతకంటే మంచి సమాధానం ఉండదు.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. మూడు రంగాల్లో తిరిగిన మనిషికి ప్రయోజనాల సంఘర్షణ మిగతావారికంటే ఎక్కువగా ఎదురవుతుంది. ఒకప్పుడు మీరు ఉద్యోగుల తరఫున ఏ ఆసుపత్రి మీద కేసు వేశారో అదే ఆసుపత్రి పరిశోధన ప్రతిపాదన రేపు మీ కమిటీ ముందుకు రావచ్చు. మీ పాత విభాగాధిపతే ప్రధాన పరిశోధకుడు కావచ్చు. అటువంటప్పుడు సమావేశం మొదలుకాగానే విషయం వెల్లడించి, ఆ ప్రతిపాదన మీద చర్చ జరుగుతున్నంతసేపు బయటికి వెళ్లి, ఆ సంగతి మినిట్స్‌లో నమోదైందో లేదో చూసుకోవాలి. అలాగే ఉద్యోగుల కేసుల్లో తెలిసిన రహస్యాలను పరిశోధన విభాగంలోనూ, పరిశోధనలో చూసిన రోగుల వివరాలను కేసుల్లోనూ వాడకూడదు. మీ సహోద్యోగిని కేసు ముందుకు వెళితే మీరు సాక్షిగా నిలబడవలసి రావచ్చు. ఆ తరువాత ఎన్నేళ్లకు న్యాయవాది అయినా, సాక్షిగా ఉన్న కేసులో మీరే వకాలతు తీసుకోకూడదు. కాబట్టి ఆమెకు ఇప్పుడే వేరొక న్యాయవాదిని చూసి పెట్టండి. అంత స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవమనండి, 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.